పాత మరపడవల నియంత్రణ సాధనాల నవీకరణ

పాత మరపడవల నియంత్రణ సాధనాల నవీకరణ అనగా కొన్ని దశాబ్దాల క్రితం తయారై నేటికీ వాడుకలో ఉన్న చిన్న మరపడవలలో అరిగిపోయిన స్టీరింగును, గేరు మరియు థ్రాటిల్ మీటలను, వాటిని ఇంజనుకు కలిపే కేబుళ్ళను తొలగించి, వాటి స్థానంలో కొత్త సాధనాలను అమర్చే ప్రక్రియ. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, కెనడాలోను సరస్సులు, నదులు ఉన్న ప్రాంతాలలో పడవల యజమానులు ఈ పనిని మెకానిక్కుకు అప్పగించక, తమ ఇంటి ఆవరణలో తామే చేసుకోవడం సర్వసాధారణం. విడిభాగాలు ప్రామాణిక కొలతలలో దొరకడం, పనిముట్లు కూడా సాధారణమైనవే కావడం ఇందుకు కారణాలు. అయితే ఈ పనిలో ఒక్క నట్టు వదులైనా నీటి మధ్యలో పడవ అదుపు తప్పుతుంది. కాబట్టి ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ తగ్గించరాదు అనే విచక్షణ ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది.

ఈ వ్యాసంలో ప్రధానంగా 1960 - 1990 మధ్యకాలంలో తయారైన, 14 నుండి 20 అడుగుల పొడవు గల, వెనుక భాగాన ఔట్‌బోర్డు ఇంజను తగిలించిన ఫైబర్‌గ్లాస్ పడవల గురించి వివరించబడింది. ఇంజను పడవ లోపల ఉండే రకాల ప్రస్తావన అవసరమైన చోట మాత్రమే ఉన్నది.

నేపథ్యం

ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఔట్‌బోర్డు ఇంజన్ల వ్యాపారం ప్రారంభించిన తొలి రోజులలో ఇంజనుకే అమర్చిన పిడిని చేతితో పట్టుకొని పడవను తిప్పేవారు. ఆంధ్ర తీరంలో చేపల వేటకు వాడే చిన్న ఫైబర్ పడవలలో నేటికీ కనిపించేది ఈ పద్ధతే. ఇటువంటి పడవలో నడిపేవాడు ఇంజను పక్కనే కూర్చుంటాడు కనుక చక్రము, కేబుళ్ళు అవసరం లేదు. ఇంజన్ల శక్తి పెరిగి, నడిపేవాడు ముందు భాగంలో కారులో వలె కూర్చోవడం మొదలైన తరువాతనే దూరం నుండి నియంత్రించే సాధనాల అవసరం ఏర్పడింది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఫైబర్‌గ్లాస్ పడవల నిర్మాణం విస్తరించింది. చెక్క పడవ వలె ఇది కుళ్ళదు, ఇనుప పడవ వలె తుప్పు పట్టదు. అందుచేత 1970లలో తయారైన పడవ కాయం ఈనాటికీ గట్టిగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. కాని దానిలోని ఉక్కు తీగలు, గ్రీజు, రబ్బరు, విద్యుత్ తీగలు మాత్రం అంతకాలం నిలువవు. ఇంజను ఒకటి రెండు సార్లు మారినా నియంత్రణ సాధనాలు మాత్రం మొదటివే ఉండిపోయిన పడవలు అనేకం. ఇటువంటి పడవలు చౌకగా అమ్ముడుపోతాయి. కొన్నవారు సాధారణంగా పెద్దగా ఖర్చు పెట్టగలవారు కాకపోవడం వలన స్వయంగా బాగు చేసుకునే సంప్రదాయం పెరిగింది.

విడిభాగాల సరఫరా కూడా ఈ పనిని ప్రభావితం చేస్తుంది. జాన్సన్, ఎవిన్‌రూడ్ ఇంజన్లను తయారుచేసిన ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000 డిసెంబరులో దివాలా తీసింది. ఆ తరువాత ఎవిన్‌రూడ్ పేరును కొనసాగించిన బీఆర్‌పీ సంస్థ 2020లో ఔట్‌బోర్డు ఇంజన్ల ఉత్పత్తిని నిలిపివేసింది. స్టీరింగు సాధనాలలో పేరు పొందిన టెలిఫ్లెక్స్ సంస్థ నౌకా విభాగం 2011లో చేతులు మారి సీస్టార్ సొల్యూషన్స్ అయినది. దానిని 2017లో డొమెటిక్ సంస్థ కొనుగోలు చేసింది. అందువలన పాత పెట్టెపై ఒక పేరు, కొత్త కేబుల్‌పై మరొక పేరు ఉన్నంత మాత్రాన అవి పొసగవని భావించనవసరం లేదు. చూడవలసినది కొలతలను, నమూనా సంఖ్యను.

పాత పద్ధతులు

1950, 60లలోని అనేక పడవలలో తాడు - గిలక పద్ధతి ఉండేది. స్టీరింగు చక్రం వెనుక ఒక డ్రమ్ము, దానికి చుట్టిన ప్లాస్టిక్ పూత గల ఉక్కు తాడు, ఆ తాడు పడవ రెండు వైపులా గిలకల మీదుగా వెళ్ళి ఇంజనుకు తగిలే ఏర్పాటు ఇది. నూతి గిలకను ఎరిగినవారికి దీని సూత్రం వేరుగా చెప్పవలసిన పని లేదు. తాడును బిగుతుగా ఉంచడానికి స్ప్రింగులు వాడేవారు. తేలికపాటి ఇంజన్లకు ఇది సరిపోయినా ఇందులో లోపాలు ఎక్కువ. ప్లాస్టిక్ పూత లోపల తీగ తుప్పు పట్టడం బయటికి కనిపించదు. ఒక గిలక మేకు ఊడినా తాడు మొత్తం ఒక్కసారిగా వదులవుతుంది, చక్రం తిప్పినా ఇంజను కదలదు. తాడు - గిలక పద్ధతి కలిగిన పడవకు గిలకలు మార్చి సరిపెట్టడం కంటే మొత్తం పద్ధతినే మార్చడం మేలు. ఈ ఒక్క విషయంలో పొదుపు గురించి ఆలోచించడం తగదు.

తరువాత వచ్చినది తోపుడు - లాగుడు కేబుల్. సైకిలు బ్రేకు తీగ దీనికి దగ్గరి బంధువు. ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ 1896లో పేటెంటు పొందిన ఆ తీగ లాగడానికే పనికివస్తుంది, వెనుకకు రావడానికి స్ప్రింగు కావాలి. పడవలలోని కేబుల్‌లో లోపలి తీగ మందంగా, గట్టిగా ఉండి, చుట్టూ ఉన్న తొడుగులో వంగకుండా జారడం వలన లాగడమే కాక తోయడం కూడా సాధ్యమవుతుంది. ఒకే కేబుల్‌తో ఇంజనును రెండు వైపులకూ తిప్పగలగడానికి కారణం ఇదే.

గేరు, థ్రాటిల్ విషయంలో పాత పడవలలో రెండు వేర్వేరు మీటలు ఉండేవి. ఒకటి ముందుకు, తటస్థం, వెనుకకు అనే మూడు స్థానాలకు, మరొకటి వేగానికి. కంగారులో ఇంజను వేగంగా తిరుగుతుండగానే గేరు మార్చే ప్రమాదం ఇందులో ఉన్నది. ఒకే మీట గల పెట్టె ఈ ప్రమాదాన్ని తగ్గించింది. ఇందులో మీటను తటస్థ స్థానం నుండి కొద్దిగా జరిపితే ముందు గేరు పడుతుంది, ఇంకా జరిపితేనే థ్రాటిల్ తెరుచుకుంటుంది. ఇంజనును వేడి చేయడానికి గేరు వేయకుండా థ్రాటిల్ మాత్రమే పెంచే బొత్తామో, చిన్న మీటో కూడా ఉంటుంది. ఔట్‌బోర్డ్ మెరైన్ సంస్థ 1960లలో విద్యుత్తుతో గేరు మార్చే ఇంజన్లను కూడా తయారుచేసింది. వీటికి సాధారణ గేరు కేబుల్ తగలదు. కొత్త పెట్టె కొనే ముందు ఇంజను ఈ కోవకు చెందినదో కాదో తప్పక నిర్ధారించుకోవాలి.

స్టీరింగు పరీక్ష

చక్రం బిగుసుకుపోవడం పాత పడవలలో అతి సాధారణమైన ఫిర్యాదు. కొత్తవారు వెంటనే స్టీరింగు మొత్తం కొనడానికి సిద్ధపడతారు. లోపం ఎక్కడున్నదో ముందుగా వేరు చేసి చూడటం వలన ఎంతో ఖర్చు తప్పుతుంది. ఇందుకు కావలసినవి రెండు స్పానర్లు, అరగంట సమయం.

మొదట కేబుల్ చివరి కడ్డీని ఇంజనుకు కలిపే లంకెను విప్పి, ఇంజనును చేతితో అటూ ఇటూ తిప్పాలి. అది కదలకపోతే లోపం ఇంజను ఇరుసులో ఉన్నది, కేబుల్ మార్చినా ప్రయోజనం లేదు. ఇరుసుకు ఉన్న గ్రీజు ముక్కుల ద్వారా కొత్త గ్రీజు ఎక్కిస్తూ, ఎండిపోయిన పాత గ్రీజు బయటకు వచ్చేవరకు ఇంజనును తిప్పుతూ ఉండాలి. ఇంజను తేలికగా కదిలి, చక్రం మాత్రం బిగుతుగా ఉంటే లోపం కేబుల్ వైపున ఉన్నది. అప్పుడు కేబుల్ కడ్డీని ఇంజను వంపు గొట్టం నుండి బయటకు లాగాలి. ఇంజనును పైకి లేపినపుడు అది ఏ గొట్టం ఆధారంగా వంగుతుందో అదే వంపు గొట్టం. కేబుల్ కడ్డీ దాని గుండానే పోతుంది. కడ్డీ బయటకు వచ్చిన తరువాత చక్రం తేలికగా తిరిగితే దోషం గొట్టంలోని తుప్పుది, గడ్డకట్టిన గ్రీజుది. అప్పటికీ తిరగకపోతే కేబుల్‌ను చక్రం వెనుకనున్న పెట్టె నుండి కూడా విడదీయాలి. పెట్టె ఒక్కటే తేలికగా తిరిగితే కేబుల్ పాడైనట్లు, లేకపోతే పెట్టె పాడైనట్లు.

వంపు గొట్టం లోపలి వ్యాసం సాధారణంగా 5/8 అంగుళం. దీనిని శుభ్రం చేయడానికి 12 గేజి తుపాకీ గొట్టాన్ని తోమే కుంచె సరిగ్గా సరిపోతుందని అమెరికాలోని పడవ యజమానులు కనిపెట్టారు. కుంచెను పొడవైన కడ్డీకి బిగించి, డ్రిల్లుతో నెమ్మదిగా తిప్పుతూ, మట్టినూనెతో కడిగి తుడిస్తే గొట్టం తిరిగి మెరుస్తుంది. కడ్డీ గొట్టంలోనే పట్టుకుపోయి బయటకు రాని సందర్భాలు కూడా ఉంటాయి. తుప్పు వదిలించే నూనె పోసి ఒకటి రెండు రోజులు ఆగి ప్రయత్నించాలి. వేడి చేయడం మరొక మార్గం. అయితే పెట్రోలు ట్యాంకు, ఇంధన గొట్టాలు పక్కనే ఉండే చోట మంట వాడకం ప్రాణాంతకం కాగలదు. ఇంధనాన్ని పూర్తిగా తొలగించనిదే ఆ ఆలోచన చేయరాదు.

గ్రీజు ఎక్కించే విషయంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటున్నది. కేబుల్ కడ్డీ గొట్టంలోనికి పూర్తిగా ముడుచుకొని ఉన్నప్పుడే గ్రీజు ఎక్కించాలి. కడ్డీ బయటకు చాచి ఉన్నపుడు ఎక్కిస్తే ఖాళీ స్థలం గ్రీజుతో నిండిపోయి, కడ్డీ వెనుకకు రావడానికి దారి ఉండదు. గ్రీజు నలగదు కాబట్టి స్టీరింగు ఆ స్థానంలోనే స్తంభించిపోతుంది. మంచి ఉద్దేశంతో చేసిన నిర్వహణ పని వలననే స్టీరింగు పోవడం ఇందులోని విచిత్రం. ఇంజను తయారీదారుల పుస్తకాలలో ఈ హెచ్చరిక ప్రత్యేకంగా ముద్రించబడి ఉంటుంది.

కేబుల్ ఎంపిక, కొలతలు

తుప్పు పట్టిన కేబుల్‌ను బాగు చేయడం కుదరదు. తొడుగు ఉబ్బినా, పగిలినా, చివర తుప్పు మరక కనిపించినా దానిని మార్చవలసిందే. పగులులో నూనె పోస్తే కొన్నాళ్ళు తేలికగా తిరగవచ్చును కాని లోపలి తీగ తుప్పు ఆగదు. అదే కారణంగా వాడిన కేబుళ్ళను ఎంత చౌకగా వచ్చినా కొనరాదు.

పాత కేబుల్ తొడుగుపై నమూనా సంఖ్య ముద్రించి ఉంటే పని సులభం. సాధారణంగా సంఖ్యలోని చివరి రెండు అంకెలు కేబుల్ పొడవును అడుగులలో తెలుపుతాయి. సంఖ్య చెరిగిపోతే కొలవవలసి ఉంటుంది. వృత్తాకార పెట్టె గల టెలిఫ్లెక్స్ రకం స్టీరింగులకు, ప్లాస్టిక్ తొడుగు పొడవును అంగుళాలలో కొలిచి, దానికి 18 కలిపి, 12తో భాగించి, వచ్చిన దానిని పై పూర్ణాంకానికి సవరిస్తారు. ఉదాహరణకు తొడుగు 145 అంగుళాలు ఉంటే, 18 కలిపిన 163 అవుతుంది. 12తో భాగించగా 13.58 వస్తుంది, కావున 14 అడుగుల కేబుల్ కొనాలి. పళ్ళ కడ్డీ రకపు పెట్టెలకు కలపవలసిన అంకె వేరు, దానిని ఆయా తయారీదారు పట్టికలో చూడాలి. గేరు, థ్రాటిల్ కేబుళ్ళకు ఈ లెక్క వర్తించదు. వాటిని ఒక కొన నుండి మరొక కొన వరకు మొత్తంగా కొలుస్తారు.

పొట్టి కేబుల్ అసలు అమరదు, మరీ పొడవైనది అనవసరపు మెలికలు తిరుగుతుంది. ప్రతి మెలిక దగ్గర రాపిడి పెరుగుతుంది. స్టీరింగు కేబుల్ వంపు వ్యాసార్ధం 8 అంగుళాలకు, అనగా సుమారు 20 సెంటీమీటర్లకు తగ్గరాదు. కొత్త కేబుల్ వేసినా చక్రం బిగుతుగానే ఉందంటే చాలాసార్లు కారణం పక్క గోడలోనో, వెనుక మూలలోనో ఉన్న ఇరుకైన వంపే.

స్టీరింగు పెట్టె అమరిక

పాత చక్రాన్ని తీయడం ఒక్కొక్కప్పుడు మొత్తం పనిలోకెల్లా కష్టమైన భాగం. చాలా పడవలలో ఇరుసు 3/4 అంగుళం వ్యాసంతో, కొసకు సన్నబడుతూ, చీలకతో ఉంటుంది. నట్టును పూర్తిగా తీయక, కొన్ని మరలు వదులు చేసి, పుల్లరుతో లాగాలి. నట్టు పూర్తిగా తీసి చక్రాన్ని బలంగా గుంజితే అది ఒక్కసారిగా ఊడి ముఖానికి తగిలే అవకాశం ఉన్నది. ఇరుసు కొలత ప్రామాణికమైనది కాబట్టి పాత చక్రాన్నే కొత్త పెట్టెకు తిరిగి వాడవచ్చు. చక్రం నచ్చినదైతే ఇది మంచి ఆదా.

డాష్‌బోర్డు విషయంలో తొందరపాటు కూడదు. అనేక పాత పడవలలో చక్రం చుట్టూ ఫైబర్‌గ్లాస్ నెర్రెలు విచ్చి, వెనుకనున్న చెక్క కుళ్ళి ఉంటుంది. నడిపేవాడు అలల మీద తూలినపుడు తన శరీర భారమంతా చక్రం పైనే వేస్తాడు. బలహీనమైన పలకకు ఎంత మంచి పెట్టె బిగించినా అది నిలువదు. వెనుకవైపు మెరైన్ ప్లైవుడ్ ముక్కను ఎపాక్సీతో అంటించి, ఆ తరువాతనే రంధ్రం కోయాలి. పై పూత పెచ్చులు లేవకుండా, కోసే చోట టేపు అంటించి, రంధ్రపు రంపాన్ని మొదట వెనుకకు తిప్పి గాడి చేయడం అనుభవజ్ఞుల పద్ధతి.

పెట్టె ఏ రకమైనదైనా అది పడవ గరిష్ఠ అశ్వశక్తికి తగినదై ఉండాలి. 1972 నవంబరు తరువాత అమెరికాలో తయారైన 20 అడుగుల లోపు పడవలకు సామర్థ్య ఫలకం తప్పనిసరి. ఔట్‌బోర్డు పడవలకు గరిష్ఠ అశ్వశక్తి దానిపై ఉంటుంది. ప్రస్తుతం చిన్న ఇంజను ఉన్నదని చిన్న స్టీరింగు కొనడం సరికాదు. తరువాతి యజమాని పెద్ద ఇంజను తగిలించవచ్చును కదా.

కేబుల్ కడ్డీని ఇంజనుకు కలిపే లంకె దగ్గర వాడే నట్లు నైలాను పట్టీ గల స్వయం బిగింపు నట్లై ఉండాలి. మామూలు నట్లు కంపనానికి వదులై జారిపోతాయి. ఒకసారి విప్పిన నట్టులో నైలాను అరిగిపోతుంది కాబట్టి విప్పిన ప్రతిసారీ కొత్తది వేయడం మంచిది. దాని ధర ఒక కాఫీ ఖరీదు కంటే తక్కువ.

బిగింపు పూర్తయిన తరువాత పడవను నీటిలో దింపకముందే, చక్రాన్ని కుడికి తిప్పినపుడు ఇంజను కింది భాగంలోని ప్రొపెల్లరు కుడివైపుకే జరుగుతున్నదో లేదో చూడాలి. ఎడమకు జరిగితే కేబుల్ పెట్టెలోనికి తప్పు వైపు నుండి వెళ్ళినట్లు.

చక్రం ఒక వైపుకు లాగడం

ప్రొపెల్లరు ఒకే దిశలో తిరగడం వలన పడవ వేగంలో ఉన్నపుడు చక్రం ఒక వైపుకు లాగుతుంది. చేయి వదిలితే పడవ తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. దీనికి విరుగుడుగా తిప్పిన చోటనే చక్రాన్ని నిలిపి ఉంచే క్లచ్చు గల పెట్టెలు దొరుకుతున్నాయి. సాధారణ పెట్టెకు, దీనికి ధరలో కొంత తేడా ఉన్నా, బడ్జెట్టులో మొదట చోటు ఇవ్వదగిన మెరుగుదల ఇదే.

క్లచ్చు పెట్టె కొనే ముందు ఖర్చు లేని ఉపాయం ఒకటి ప్రయత్నించవచ్చు. చాలా ఇంజన్లలో ప్రొపెల్లరుకు పైన చిన్న రెక్క వంటి లోహపు ముక్క ఉంటుంది. దాని బోల్టును వదులు చేసి కోణం మార్చవచ్చు. పడవ కుడివైపుకు లాగుతుంటే రెక్క వెనుక అంచును కుడికి, ఎడమకు లాగుతుంటే ఎడమకు కొద్దిగా జరిపి బిగించాలి. లాగుతున్న వైపుకే జరపడం వింతగా తోచవచ్చు. రెక్క వెనుక అంచు కుడికి ఉన్నపుడు నీటి ఒత్తిడి దానిని ఎడమకు నెడుతుంది, ఆ నెట్టుడు ఇంజను వెనుక భాగాన్ని కుడికి పోనివ్వక ఆపుతుంది.

హైడ్రాలిక్ స్టీరింగులో కేబుల్‌కు బదులు చక్రం వెనుక పంపు, ఇంజను వద్ద సిలిండరు, రెండు గొట్టాలు ఉంటాయి. చక్రం ఎంతో తేలికగా తిరుగుతుంది. దీని ధర కేబుల్ పద్ధతికి అనేక రెట్లు. పెద్ద ఇంజన్లకు ఇది అవసరమే కాని 50, 60 అశ్వశక్తి ఇంజను గల పాత పడవకు విలాసమనే చెప్పాలి.

గేరు, థ్రాటిల్ పెట్టె

వాడిన పెట్టెను కొనడంలో తప్పు లేదు. మీట మూడు స్థానాలలోను స్పష్టంగా ఆగుతున్నదా, లోపలి పళ్ళు అరిగినవా, తటస్థ స్థానంలో లేనపుడు స్టార్టరు తిరగకుండా ఆపే స్విచ్చు పనిచేస్తున్నదా అన్నవి చూసుకోవాలి. ఈ స్విచ్చు లేని పెట్టెను వాడరాదు. గేరులో ఉండగా ఇంజను అంటుకుంటే పడవ ఒక్క ఉదుటున ముందుకు దూకి, నిలబడి ఉన్నవారిని నీటిలో పడవేస్తుంది.

పెట్టె ఒక సంస్థది, ఇంజను మరొకటిది అయినపుడు రెండు విషయాలు సరిచూడాలి. మొదటిది కేబుల్ కొనలు. 33సి అని పిలువబడే సార్వత్రిక రకం కేబుళ్ళకు 10-32 మరచుట్లు ఉంటాయి. మెర్క్యురీ, ఔట్‌బోర్డ్ మెరైన్ వంటి సంస్థలు తమవైన కొనలను వాడాయి, వాటికి కలుపుడు సామగ్రి విడిగా దొరుకుతుంది. రెండవది కదలిక దిశ. ముందు గేరు పడటానికి కొన్ని ఇంజన్లలో కేబుల్ తోయాలి, కొన్నింటిలో లాగాలి. ఇది తారుమారైతే మీట ముందుకు నెట్టినపుడు పడవ వెనుకకు పోతుంది.

కేబుళ్ళు తగిలించిన తరువాత సర్దుబాటు చేసే క్రమంలో గేరు ముందు, థ్రాటిల్ తరువాత. తాళం తీసివేసి, స్పార్కు ప్లగ్గుల తీగలు ఊడదీసి పని ప్రారంభించాలి. ప్రొపెల్లరును చేతితో తిప్పుతూ సహాయకుడు మీటను జరపాలి. ముందు గేరులో ప్రొపెల్లరు పట్టుకోవాలి, తటస్థంలో ఇరువైపులా స్వేచ్ఛగా తిరగాలి, వెనుక గేరులో మళ్ళీ పట్టుకోవాలి. తటస్థ స్థానం సరిగ్గా మధ్యలో ఉండేటట్లు కేబుల్ చివరనున్న ఇత్తడి మరకాయను తిప్పి సరిచేస్తారు. గేరు పళ్ళు సగమే పడితే అవి కొద్ది గంటలలోనే అరిగిపోతాయి, అప్పుడు అయ్యే మరమ్మతు ఖర్చు పడవ విలువనే మించవచ్చు. థ్రాటిల్ విషయంలో మీట తటస్థానికి వచ్చినపుడు ఇంజను మీది ఆపుడు మరను తాకాలి, మీట చివరి వరకు నెట్టినపుడు థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోవాలి.

ఇంజను లోపల, గేరు యూనిట్ వెలుపల ఉండే మెర్‌క్రూయిజర్ వంటి పడవలలో వెనుక పలక గుండా పోయే కింది గేరు కేబుల్ ప్రత్యేక శ్రద్ధ కోరుతుంది. అది బిగుసుకుపోతే తటస్థానికి తెచ్చిన ప్రతిసారీ ఇంజను ఆగిపోతుంది. దాని తొడుగు పగిలితే అంతకంటే పెద్ద ముప్పు, తొడుగు గుండా నీరు పడవలోనికి చేరుతుంది. కట్టి ఉంచిన పడవలు రాత్రికి రాత్రి మునగడానికి ఇటువంటి పగుళ్ళు ఒక కారణం.

విద్యుత్ భాగాలు

కారు తాళపు స్విచ్చు చౌక అని దానిని పడవకు వాడటం తరచుగా కనిపించే పొదుపు, చాలా ఖరీదైన పొదుపు కూడా. కారులో తాళం తీస్తే విద్యుత్తు ఆగి ఇంజను ఆగుతుంది. పాత ఔట్‌బోర్డులలో చాలావాటికి ఇందుకు విరుద్ధమైన పద్ధతి ఉన్నది. ఆపుడు తీగను భూమికి, అనగా ఇంజను లోహానికి కలిపితే ఇంజను ఆగుతుంది. పొరపాటున ఆ తీగకు 12 వోల్టుల విద్యుత్తు తగిలితే జ్వలన పెట్టె క్షణంలో కాలిపోతుంది. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ సిఫారసు చేసిన రంగుల ప్రకారం ఊదా తీగ జ్వలనానికి, పసుపు మీద ఎరుపు చార తీగ స్టార్టరుకు, బూడిద రంగు తీగ చక్రభ్రమణ మాపకానికి, గులాబీ రంగు తీగ ఇంధన సూచికకు ఉపయోగిస్తారు. 1954లో ఏర్పడిన ఈ మండలి ప్రమాణాలు స్వచ్ఛందమైనవే అయినా తయారీదారులు వాటిని విస్తృతంగా పాటిస్తారు. అయితే పాత పడవలో మునుపటి యజమానులు తోచిన రంగు తీగలు వేసి ఉండవచ్చు కనుక రంగును మాత్రమే నమ్మక మీటరుతో పరీక్షించాలి.

తీగలు తగరపు పూత గల రాగివై ఉండాలి. ఇంజను లోపల ఉండే పెట్రోలు పడవలలో ఇంజను గదిలో వాడే ప్రతి విద్యుత్ పరికరం నిప్పురవ్వలు బయటకు రాని రకమే అయి ఉండాలి. కారు పరికరాలకు ఆ రక్షణ ఉండదు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, పడవ అడుగున చేరి నిలిచిపోతుంది.

సూచికలు మార్చేవారు ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికా పద్ధతి ఇంధన సూచిక 240 నుండి 33 ఓముల మధ్య పనిచేస్తుంది, ఐరోపా పద్ధతి 10 నుండి 180 ఓములు. రెండింటినీ కలిపితే ట్యాంకు ఖాళీగా ఉన్నపుడు నిండుగా చూపవచ్చు.

అత్యవసర ఆపుడు స్విచ్చు

నడిపేవాడు నీటిలో పడిపోతే ఇంజను తనంతట ఆగిపోయేలా చేసే తాడు గల స్విచ్చు ఇది. తాడు ఒక కొన స్విచ్చుకు, మరొక కొన నడిపేవాని ఒంటికి తగిలి ఉంటుంది. స్విచ్చు లేని పడవ చాలాసార్లు వలయాకారంలో తిరుగుతూ పడిపోయినవాని మీదికే తిరిగి వస్తుంది. ఇంజను లాగుడు వలన చక్రం ఒక వైపుకు తిరిగిపోవడమే ఇందుకు కారణం.

అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుండి 26 అడుగుల లోపు పొడవు, 3 లేదా అంతకు మించిన అశ్వశక్తి గల వినోద పడవలు వేగంగా ప్రయాణించేటపుడు, ఆ స్విచ్చు అమర్చబడి ఉంటే దాని తాడును తగిలించుకోవడం చట్టరీత్యా తప్పనిసరి అయినది. స్విచ్చు లేకుండా తయారైన పాత పడవలకు కొత్తగా అమర్చాలనే నిర్బంధం లేదు. కాని నియంత్రణ సాధనాలు ఎలాగూ విప్పిన సమయంలో దీనిని అమర్చకపోవడానికి సమంజసమైన కారణం కనిపించదు. ఈ వ్యాసంలో పేర్కొన్న భాగాలన్నింటిలోకి చౌకైన వాటిలో ఇది ఒకటి.

స్విచ్చులు రెండు రకాలు. ఆపుడు తీగను భూమికి కలపడం ద్వారా ఆగే ఇంజన్లకు, తాడు ఊడినపుడు కలిసే స్విచ్చును తాళపు స్విచ్చుకు సమాంతరంగా వేయాలి. బ్యాటరీ విద్యుత్తు ఆపడం ద్వారా ఆగే ఇంజన్లకు, తాడు ఊడినపుడు విడిపోయే స్విచ్చును శ్రేణిలో వేయాలి. తప్పు రకం వేస్తే తాడు లాగినా ఇంజను ఆగదు. అమర్చిన వెంటనే, ఆ తరువాత ప్రతి ప్రయాణానికి ముందు తాడు లాగి చూడటం అవసరం.

ఖర్చుల క్రమం

పరిమిత సొమ్ముతో ఈ పని చేసేవారు అన్నీ ఒకేసారి మార్చవలసిన అవసరం లేదు. స్టీరింగు కేబుల్, లంకె, నట్లు, ఆపుడు స్విచ్చు మొదటి ఏడాదిలోనే పూర్తి కావాలి. గేరు, థ్రాటిల్ కేబుళ్ళు బిగుతుగా లేనట్లయితే కొంతకాలం ఆగవచ్చు, అయితే రెండింటిలో ఒకటి పాడైనపుడు రెండవది కూడా మార్చడం మేలు. రెండూ ఒకే వయస్సువి, ఒకే నీటిలో తడిసినవి. సూచికలు, చక్రపు తొడుగు, మెరుగుల పలకలు చివరకు. పాత సామాను అమ్మే పడవల యార్డులలో పెట్టెలు, చక్రాలు, బిగింపు పట్టీలు చౌకగా లభిస్తాయి. కొత్తవిగానే కొనవలసినవి కేబుళ్ళు, స్వయం బిగింపు నట్లు, ఆపుడు స్విచ్చు. ఇంజను కంప్యూటరుతో పనిచేసే తీగ లేని నియంత్రణలు నేటి కొత్త ఇంజన్లకు ఉద్దేశించినవి. కార్బ్యురేటరు గల పాత ఇంజనుకు వాటిని తగిలించబూనడం చిన్న బడ్జెట్టులో సాధ్యపడదు.

నీటిలో పరీక్ష

మొదటి పరీక్ష గాలి లేని రోజున, ఒడ్డుకు దగ్గరలో, తెడ్లు, లంగరు, ప్రాణరక్షణ కవచాలు వెంట ఉంచుకొని చేయాలి. పడవ కట్టి ఉండగానే ముందు, వెనుక గేర్లు వేసి చూడాలి. తరువాత నెమ్మది వేగంలో చక్రాన్ని రెండు చివరలకూ తిప్పాలి. ఇంజనును పైకి లేపినపుడు, పూర్తిగా ఒక పక్కకు తిప్పినపుడు కేబుళ్ళు ఎక్కడా లాగబడకుండా, నలగకుండా ఉన్నాయేమో గమనించాలి. కేబుల్ నేలమీద ఉన్నపుడు సరిపోయి, ఇంజను లేపినపుడు బిగుసుకోవడం కొత్తవారి పనిలో తరచుగా బయటపడే లోపం. ఆ తరువాతనే వేగం పెంచాలి. నాలుగైదు గంటలు నడిపిన పిదప చక్రపు నట్టు, పెట్టె బోల్టులు, లంకె నట్లు తిరిగి స్పానరుతో పరీక్షిస్తారు. ఉప్పు నీటిలో నడిపే పడవలకు వంపు గొట్టానికి గ్రీజు, కడ్డీకి మంచినీటి కడుగుడు తరచుగా అవసరమవుతాయి. శీతాకాలంలో పడవను నిలిపివేసే ప్రాంతాలలో, స్టీరింగును నెలకొకసారి ఆ చివర నుండి ఈ చివరకు తిప్పి ఉంచితే వసంతంలో కడ్డీ గొట్టంలో పట్టుకుపోయే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.